గల్లీ ఇనుమంతా ఒక్క పొట్టలోనే

"ఇనుము మాత్రలేమైనా వేసుకుంటున్నారా అమ్మా?"

డాక్టర్ మౌక్తిక కాగితం మీంచి తలెత్తకుండానే అడిగింది. పేరేంటి, వయసెంత అన్నట్టే అడిగింది.

"లేదు బిడ్డా."

"ఎప్పుడూ వేసుకోలేదా?"

"ఎప్పుడో పడుసుదనంల మింగిన. గిప్పుడేం లేవు."

పచ్చి అబద్ధం. ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి బయల్దేరే ముందే భూదేవి మూడు ఎర్ర మాత్రలు మింగి వచ్చింది. వాటిలో ఒక్కటి కూడా ఆమెది కాదు.

డాక్టర్ తలెత్తింది. రాజమండ్రి నుంచి సూరత్ వచ్చి కడోదర రోడ్డులో ఆసుపత్రి పెట్టిన ఈ అమ్మాయికి ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. చూపు మాత్రం సూదిలా ఉంటుంది.

"మీ ఈసీజీ బాగుంది. గుండె స్కానింగ్ బాగుంది. బీపీ, షుగరు రెండూ సరిగ్గా ఉన్నాయి. నడిచే మిషను మీద నడిపిస్తే పక్కన నిలబడ్డ మా నర్సు అలిసిపోయింది గానీ మీరు అలవలేదు." రిపోర్టు మీద వేలు పెట్టింది. "కానీ మీ ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము ఉండాల్సిన దానికి మూడింతలుంది. ఇదెక్కడినుంచి వచ్చిందో తెలిసేదాకా ఫిట్ అని నేను సంతకం పెట్టను."

భూదేవి గుండె నిజంగానే ఒకసారి తప్పటడుగు వేసింది.

ఆ సంతకం కోసమే ఆమె వచ్చింది.

సూరత్ పక్కనున్న జోల్వాలో స్థిరపడ్డ తెలంగాణ పద్మశాలీలు ఏటా శ్రావణంలో నూలు పౌర్ణమికి మార్కండేయ స్వామి ఊరేగింపు తీస్తారు. ముందు డప్పులు, వెనక స్వామి రథం, మధ్యలో ఒక లారీ. లారీ మీద చేత్తో నేసే చేమగ్గం. ఊరేగింపు కదిలినప్పుడు నేత మొదలవుతుంది. గుడి దగ్గరికి చేరేసరికి గుడ్డ పూర్తవ్వాలి. అక్కడికక్కడే కోసి దాన్ని స్వామికి కప్పుతారు. అదీ ఆచారం.

జోల్వాలో మరమగ్గం నడిపేవాళ్ళు ఏ గల్లీలో చూసినా కనిపిస్తారు. చేమగ్గం మీద కూర్చుని నేయగలిగినవాళ్ళు మాత్రం ఇద్దరే మిగిలారు. ఒకరు సాంబయ్య. ఆయన పోయిన సంవత్సరం లారీ మీదే ఛాతీ పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. డప్పులు ఆగిపోయాయి. బతికి బయటపడ్డాడు గానీ ఇక మగ్గం జోలికి పోవద్దన్నారు.

రెండోది భూదేవి. సిరిసిల్లలో ఆమె తండ్రికి మగపిల్లలు లేరు. ఆయన జ్వరంతో పడుకున్నప్పుడల్లా మగ్గం ఆగకుండా నడిపింది ఈ కూతురే. పెళ్ళై సూరత్ వచ్చాక మళ్ళీ పోగు విసిరే నాడె పట్టే అవసరం రాలేదు. యాభై నాలుగేళ్ళ వయసులో ఇప్పుడొచ్చింది. ఆడది లారీ మీద మగ్గమెక్కుడేందని ఇద్దరు ముగ్గురు మూతి ముడిచారు. సాంబయ్యే మంచం మీంచి నోరు మూయించాడు. సంఘం పెద్ద రాజనర్సు మాత్రం ఒక్క షరతు పెట్టాడు. గుండెకు ఢోకా లేదని డాక్టరు చీటీ తేవాలి. ఇంకోసారి పండగనాడు అంబులెన్సు రావద్దు.

"గా ఇనుముతోని ఏమైతది బిడ్డా? గట్టిగుంటం గద?" అంది భూదేవి.

"అందరూ అదే అనుకుంటారు." డాక్టర్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ముట్లున్నన్ని రోజులు నెలనెలా కొంత ఇనుము బయటికి పోతుంది. మీకవి ఆగిపోయి ఎన్నాళ్ళైంది?"

"నాలుగైదేండ్లాయె."

"ఆగిపోయాక ఆ దారి మూసుకుపోయినట్టే. ఎక్కువైన ఇనుమును ఒళ్ళు తనంతట తాను బయటికి తోసెయ్యలేదు. లోపలే పేరుకుంటుంది. ఆడవాళ్ళకి ఆ వయసు దాటాకే గుండెజబ్బులు పెరగడానికి ఇదొక కారణం కావచ్చని కొందరు పరిశోధకులంటారు. నిల్వ మరీ ఎక్కువైతే రక్తనాళాల గోడల్ని దెబ్బతీస్తుందని వాళ్ళ మాట. కొందరు ఒప్పుకోరు. వాదన ఇంకా తేలలేదు. కానీ మీ నిల్వ ఇంతుందంటే నేను ఊరుకోలేను. కాలేయంలో ఏదైనా ఉండొచ్చు. పుట్టుకతో వచ్చిన లోపం కావచ్చు. మీ ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుందా?"

భూదేవి కొంగు కొన వేలికి చుట్టుకుంది.

"మా అక్కకు. ఛాతిల మంటన్నది. గ్యాసేమో అనుకుని సోడా తాపినం. తెల్లారేటాళ్ళకు లేదు."

"అందుకే సంతకం పెట్టనంటున్నాను," అంది డాక్టర్ మెల్లగా. "లివర్ పరీక్షలు, జన్యు పరీక్ష రాస్తాను. అన్నీ రావడానికి రెండు వారాలు పడుతుంది."

"పున్నం వచ్చే వారమే గద బిడ్డా!"

"తెలుసమ్మా. నేనేం చెయ్యను? కారణం తెలిస్తే ఈ నిమిషమే వేరే మాట చెబుతాను."

కారణం భూదేవి నాలుక చివరే ఉంది. ఆమె దాన్ని మింగేసి లేచి నిలబడింది.

*

షేర్ ఆటోలో మూలకి నక్కి కూర్చుని భూదేవి తన నేరాన్ని మొదటినుంచీ తిరగేసుకుంది.

సూరత్ పాండేసరలో కొత్తగా కాపురం పెట్టిన రోజులవి. మగ్గాలకి నూలు కండెలు చుట్టే పని. ఒకనాడు పని మధ్యలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం లేదు, ఇనుము గోలీలు తినమన్నాడు డాక్టరు. తిన్నది. నెల తిరిగేసరికి మెట్లెక్కలేని ఒంట్లోకి ప్రాణమొచ్చింది. అప్పట్నుంచి భూదేవికి ఆ ఎర్ర మాత్ర దేవుడి ప్రసాదం. ఎప్పుడు ఆపాలో ఆ డాక్టరు చెప్పలేదు. ఆమె అడగలేదు.

అసలు కథ జోల్వా వచ్చాక మొదలైంది. ఆశా కార్యకర్త జమున గల్లీలో పిల్లల తల్లులందరికీ వారానికొక ఇనుము మాత్ర చొప్పున షీట్లు పంచుతుంది. పాత షీటు ఖాళీగా చూపిస్తేనే కొత్తది ఇస్తుంది. భూదేవి కోడలు రుచితకి ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది. ఒకరోజు చెత్తబుట్టలో పడెయ్యబోతుంటే భూదేవి చెయ్యి పట్టుకుంది.

"మందును పారేస్తరా పోరీ? ఇటియ్యి."

అన్నం తిని, నిమ్మకాయ పిండుకున్న మజ్జిగతో టక్కున మింగేసింది. పక్కింటి సమ్మక్క చూసింది. మర్నాడు తన మాత్ర తెచ్చింది. దాని వెనక ఎదురింటివాళ్ళు. మూలింటివాళ్ళు. ఏడాది తిరిగేసరికి సోమవారం ఎవరివి, మంగళవారం ఎవరివి అని వంతులు పడ్డాయి. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కోగానే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి భూదేవి అరచేతిలో మాత్ర పెట్టి పోయేవాళ్ళు. ఆమెకు ఒక్కనాడూ కడుపులో తిప్పలేదు. గల్లీ మొత్తంలో నీళ్ళ డ్రమ్ము ఒంటిచేత్తో దొర్లించేది తనే అని పొంగిపోయేది.

ఖాళీ షీట్లన్నీ జమున చేతికి చేరేవి. ఒక్క మాత్ర కూడా మిగలని గల్లీ మాదేనని జమున ఛాతీ విరుచుకుని తిరిగేది. ఆరోగ్య కేంద్రంలో చప్పట్లు కొట్టి శాలువా కూడా కప్పారు. ఇప్పుడు నోరు విప్పితే ఆ శాలువా ఏం కావాలి? ఇన్నేళ్ళు తనను నమ్మి మాత్రలిచ్చిన ఆడవాళ్ళ ముఖాలేం కావాలి?

విప్పకపోతే మగ్గం పోతుంది.

*

ఇంటి గుమ్మంలోనే రాజనర్సు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన భూదేవి భర్త సోమలింగం. మరమగ్గాల ఖాతాలో, అంటే కార్ఖానాలో, మేస్త్రీ. ఎదురుగా మనిషి గట్టిగా మాట్లాడితే చాలు, చాయ్ పెట్టిస్తానని లోపలికి పోయే రకం.

"చీటీ ఏది చెల్లె?" అన్నాడు రాజనర్సు.

"ఇంకేదో పరీక్షున్నదంట అన్నా."

"పరీక్షలు నీకు, పరేషాన్ నాకు! ఎల్లుండి పొద్దుమూకేటాళ్ళకు చీటీ రాకపోతే మగ్గానికి మోటరు బిగిస్త. పలక గదే ముందుకెనకకు ఊగుతది. పోరన్ని ఒకన్ని కూసోబెడితె నేసినట్టే ఉంటది."

"మరి స్వామికి గుడ్డ?"

"రింగ్ రోడ్ మీద మస్తు మంచి పట్టు దొరుకుతది. ముందుగాలనే కొని పెట్టుకుంటం. ఎవలకెర్క?"

భూదేవి ఒళ్ళు మండిపోయింది. "స్వామికి ఎర్క లేదా? మనం నేసేటోల్లమా, బేరం చేసేటోల్లమా అన్నా? దుకానంల కొన్న గుడ్డ కప్పేటందుకు పద్మశాలోల్లు ఎందుకు, ఎవలన్న కప్పుతరు!"

"గయ్యిమంటవేందే? నేనేమన్న సాంబయ్య తీర్గ నిన్ను గూడ ఎత్తుకపోవాల్నా దవాఖానకు?"

"నన్ను ఎత్తేటోడు జోల్వాల ఎవడున్నడు? నలుగురు కావాలె!"

"చాయ్ పెట్టిస్త," అని సోమలింగం లోపలికి జారుకున్నాడు.

రాజనర్సు నవ్వు ఆపుకోలేక లేచి వెళ్ళిపోయాడు. కానీ గడువు మాత్రం గడువే.

సరిగ్గా అప్పుడే రుచిత మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగింది. ఒక్క అంతస్తు. గడప దగ్గరికి రాగానే బట్టలు కిందపడేసి గోడకి చేరగిలబడింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి. మెడ దగ్గర నరం టపటపా కొట్టుకోవడం భూదేవికి ఇక్కడికే కనిపిస్తోంది.

"షూ థయు? ఏమైంది, అట్ల చూస్తున్నరు అత్తమ్మా?" అని నవ్వబోయింది రుచిత. పుట్టి పెరిగింది సూరత్‌లోనే కాబట్టి ఆ పిల్ల నోట్లో మూడు భాషలు కలిసి పొర్లుతుంటాయి. "మెట్లెక్కితే ధడ్ ధడ్ అంటది అంతే. టెన్షన్ మత్ లో."

"ఎన్నొద్దుల సంది?"

"చాలా రోజులైంది. అందరికీ గట్లనే ఉంటది. సమ్మక్కత్తకి గూడ ఉన్నది. నీళ్ళు మోస్తే గుండె నోట్లెకొస్తదంటది."

భూదేవి ఇప్పటిదాకా తన ఒక్క గుండె గురించే ఆలోచించింది. ఇప్పుడు కళ్ళ ముందు ఇంకో లెక్క కనబడింది. తన పొట్టలో మూడింతలుందంటే అది ఆకాశంలోంచి రాలేదు. ఈ పిల్ల ఒంట్లోంచి రావాల్సింది వచ్చింది. సమ్మక్క ఒంట్లోంచి వచ్చింది. ఇరవైనాలుగేళ్ళ పిల్ల మెట్లెక్కి ఆయాసపడుతుంటే యాభైనాలుగేళ్ళ తను డ్రమ్ములు దొర్లిస్తూ మురిసిపోతోంది.

"నేను తిన్ననే," అంది పైకే.

"ఏం తిన్నరు?"

"నిన్ను."

రుచిత కంగారుగా లోపలినుంచి వస్తున్న మామగారి వైపు చూసింది. సోమలింగం మళ్ళీ చాయ్ మాట ఎత్తబోతే భూదేవి కళ్ళెర్రజేసింది.

*

మర్నాడు మధ్యాహ్నం సమ్మక్క వచ్చి అలవాటుగా అరచేయి చాపింది. చేతిలో ఎర్ర మాత్ర.

భూదేవి తన చేతులు కొంగులో దాచుకుంది.

"మింగను."

"అగో! ఉపాసమా?"

"ఇయాల్టి సంది ఎవల గోలీ వాల్లే మింగాలె. అందర్ని పిలువు, జెప్తా."

అందరూ వచ్చారు. వరండా నిండింది. భూదేవి ఆసుపత్రిలో విన్నది విన్నట్టు చెప్పింది. అక్క సంగతి చెప్పింది. రుచితను పిలిచి అందరి ముందూ మెట్లెక్కించి దింపింది. ఆ పిల్ల ఆయాసం చూసి ఎవరూ నవ్వలేదు.

"గయితే నా గుండె కొట్టుకునుడు గూడ గిదేనా?" అంది సమ్మక్క నెమ్మదిగా. "నేను మా ఆయన లొల్లికి అనుకున్న."

"నీ మొగని లొల్లి వేరె. గది గోలీలతోని పోదు."

ఈసారి అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక సమ్మక్కే అసలు సంగతి కదిపింది.

"మరి డాక్టరమ్మకు జెప్తవా?"

"జెప్పాలె. జెప్పకుంటె నాకు చీటీ లేదు, మీకు దవా లేదు."

"జెప్తె జమున మన తోలు తీస్తది."

"మీ పేర్లు జెప్పను. నేనే దొంగతనంగ తిన్న అంట. గల్లీల ఎత్తుకచ్చుకుని తిన్న అంట. నా ఒక్కదాని పేరే పోనీ."

ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. సమ్మక్క చేతిలోని మాత్ర చేతిలోనే ఉంది.

*

సాయంత్రం ఆసుపత్రిలో భూదేవి కుర్చీ అంచున కూర్చుంది. పక్కన రుచిత.

"బిడ్డా, నేను అబద్ధమాడిన. గోలీలు మింగుతున్న. దినాం మూడు. ఏండ్ల సంది."

డాక్టర్ మౌక్తిక చేతిలో పెన్ను ఆగింది.

"రోజుకు మూడా? ఎవరిచ్చారు?"

"ఎవలియ్యలే. ఎత్తుకచ్చుకున్న."

"ఎక్కడినుంచి?"

"ఇండ్లల్లకెల్లి."

"ఎవరిళ్ళల్లోంచి?"

"గది అడగొద్దు బిడ్డా."

డాక్టర్ సూది చూపు ఆమె ముఖం మీద గుచ్చుకుంది. "ఇన్నేళ్ళు వీధిలో అందరి ఇళ్ళల్లో మందులు దొంగతనం చేస్తే ఒక్కరూ పట్టుకోలేదా? అమ్మా, మీకు అబద్ధాలు ఆడటం రాదు."

అంతలో బయట టెంపో బ్రేకు కీచుమంది. నర్సు "అరే, లైన్ మే, లైన్ మే!" అని అరుస్తోంది. తలుపు తోసుకుని సమ్మక్క లోపలికొచ్చింది. ఆమె వెనక ఎదురింటావిడ. ఆమె వెనక మూలింటి అక్కచెల్లెళ్ళు. ఇంకా ఎందరో. గది నిండి, వరండా నిండి, ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూస్తున్నారు.

"దొంగతనం లేదు ఏం లేదు డాక్టరమ్మా!" అంది సమ్మక్క రొప్పుతూ. "మేమే ఇచ్చినం. మేమే తెచ్చి చేతిల పెట్టినం."

"నాది సోమారం!" అంది ఒకావిడ.

"మాది బేస్తవారం!"

"నేను రెండు వారాలవి ఒక్కపారే ఇచ్చిన, ఊరికి పోయే పనుండె!"

డాక్టర్ ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూస్తూ పోయింది. అప్పుడు గుంపును చీల్చుకుని ఇంకో మనిషి ముందుకొచ్చింది. జమున. భుజాన ఆశా సంచి. ముఖం కందగడ్డలా ఉంది.

భూదేవి కళ్ళు మూసుకుంది.

"నాకు శాలువా కప్పిండ్రు గదనే!" అంది జమున. "ఒక్క గోలీ బేకార్ కాలేదని మైకుల జెప్పిన గదనే! ఓ భూదేవక్కా, నా గల్లీ మొత్తం నీ ఒక్క కడుపుల ఏసుకున్నవా?"

"ఏసుకున్ననే చెల్లె. కొట్టు."

"నిన్ను కొడితె నా చెయ్యే ఇరుగుతది. ఉత్త ఇనుముంటివి!"

డాక్టర్ మౌక్తిక నవ్వింది. మొదట చేతిరుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత టేబుల్ మీదికి వంగి నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ భూదేవిని చూసి మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు గది దాటి వరండాకి, అక్కణ్ణుంచి నర్సుకి పాకింది. జమున కోపంగా నిలబడదామనుకుంది గానీ ఎంతోసేపు నిలబడలేకపోయింది.

"సరే," అంది డాక్టర్ ఊపిరి తిప్పుకుని. "ఎందుకు వేసుకోరో చెప్పండి. ఒక్కొక్కరే."

"కడుపుల తిప్పుతది."

"నల్లగ వస్తది డాక్టరమ్మా, చూస్తేనే భయమైతది."

"మింగినా ఫాయిదా లేదు. మొదట్ల నెల రోజులు మింగిన, ఏం కాలేదు."

"దేనితో మింగారు?"

"చాయ్‌తోని."

"చాయ్‌తోనే," అని పదిమంది గొంతు కలిపారు.

డాక్టర్ నుదురు కొట్టుకుంది. "చాయ్‌తో వేసుకుంటే ఆ ఇనుము చాలావరకు ఒంటికి పట్టదు. భోజనమయ్యాక నిమ్మరసంతో వేసుకోండి. చాయ్ గంట ముందు తాగండి, లేదా గంట తర్వాత. నల్లగా రావడం మామూలే, భయపడక్కర్లేదు. కడుపులో మరీ తిప్పితే నాకు చెప్పండి, మందు మారుస్తాను. అంతేగానీ పక్కింటావిడకి ఇవ్వొద్దు."

"గంట దాక చాయ్ లేకుంటె సూరత్‌ల ఎట్ల బతుకుడు?" అని వెనకనుంచి ఎవరో మూలిగారు.

డాక్టర్ వినిపించుకోలేదు. రుచిత కింది కనురెప్ప లాగి చూసింది. చెయ్యి పట్టుకుని నాడి చూసింది. నవ్వు తగ్గింది. "చూశారా? రక్తం తక్కువై ఈ అమ్మాయి గుండె ఎంత కష్టపడుతోందో. ఎక్కువైనా గుండెకే, తక్కువైనా గుండెకే. జమునగారూ, రేపు వీళ్ళందరికీ రక్త పరీక్ష చేయిద్దాం. మీరు నాతో ఉండండి. మీ షీట్ల లెక్క ఈసారి నిజంగా నిజం చేద్దాం."

జమున సంచి సర్దుకుంది. "నేనే ఎదురుగ నిలబడి మింగిపిస్త. నోరు తెరిపించి సూస్త ఒక్కొక్కదానియి."

"మరి నా చీటీ?" అంది భూదేవి. అంతమందిలోనూ ఆమె గొంతు చిన్నదైపోయింది.

డాక్టర్ పాత రిపోర్టులు మళ్ళీ తీసింది. తీరిగ్గా చదివింది. కాలేయం పరీక్షకి అప్పటికప్పుడు రక్తం తీసి పక్క ల్యాబుకు పంపింది. భూదేవిని మళ్ళీ నడిచే మిషను ఎక్కించింది. గల్లీ ఆడవాళ్ళంతా చుట్టూ మూగి, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తూ, "జర ఉరుకు భూదేవక్కా, నీ వెనక రాజనర్సు అస్తుండు!" అని అరుస్తున్నారు. భూదేవి నవ్వాపుకుంటూ నడిచింది. కాసేపటికి ల్యాబు కుర్రాడు కాగితం తెచ్చిచ్చాడు. కాలేయం బాగుంది.

"గుండె బాగుంది, కాలేయం బాగుంది. ఇనుము ఎలా వచ్చిందో సాక్షులతో సహా తెలిసింది." పెన్ను కాగితం మీద కదిలింది. "ఇకమీదట ఒక్క మాత్ర కూడా ముట్టుకోవద్దు. మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేద్దాం. అప్పటికీ తగ్గకపోతే పుట్టుకతో వచ్చిందేమో అదీ చూద్దాం. పండగయ్యాక మీ సంఘం రక్తదానం పెడుతుందిగా, అందులో ఒక సీసా ఇవ్వండి. నిల్వా తగ్గుతుంది, ఇంకొకరికీ పనికొస్తుంది. ఛాతీలో మంటగానీ, ఆయాసంగానీ, దవడ నొప్పిగానీ వస్తే సోడా తాగి పడుకోవద్దు. నా దగ్గరికి రావాలి. సరేనా?"

"సరే బిడ్డా."

సంతకం పడింది.

*

నూలు పౌర్ణమినాడు జోల్వాలో సాంచెలు, అదే మరమగ్గాలు, ఆగిపోయాయి. రాత్రింబవళ్ళు చెవులు గింగుర్లెత్తించే ఊళ్ళో ఒక్కసారిగా మాట వినబడేంత నిశ్శబ్దం. తెల్లారి పడ్డ వానకి రోడ్లు మెరుస్తున్నాయి. లారీకి మామిడాకులు, బంతిపూలు. మధ్యలో మగ్గం. మగ్గం ముందు పచ్చచీర కట్టుకుని భూదేవి.

కొబ్బరికాయ కొట్టారు. డప్పు మోగింది. భూదేవి పలక మీద చెయ్యి వేసి, కాలితో చెక్క తొక్కి, నాడె విసిరింది.

టక్.

ఇటునుంచి అటు. అటునుంచి ఇటు. ముప్పైయేళ్ళ తర్వాత కూడా చేతులు ఏమీ మరిచిపోలేదు. మొదటి జానెడు గుడ్డ తయారయ్యేసరికి డప్పువాళ్ళు ఆమె దెబ్బకి తమ దెబ్బ కలిపారు. రోడ్డు పక్కన ఒడియా కుర్రాళ్ళు గుంపులుగా నిలబడ్డారు. రోజుకి పన్నెండు గంటలు మరమగ్గాల మధ్య తిరిగే పిల్లలు. మనిషి చెయ్యి మగ్గాన్ని నడపడం వాళ్ళలో చాలామంది అదే మొదటిసారి చూడటం. ఒకడు ఫోను తీయడం కూడా మరిచిపోయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

లారీ వెంట సోమలింగం నడుస్తున్నాడు. కనబడిన ప్రతివాడితో "మా ఆవిడనే," అంటున్నాడు. అడగనివాళ్ళకి కూడా చెబుతున్నాడు.

గుడి ఇంకో మలుపు ఉందనగా లారీ గుంతలో పడి ఎగిరింది. మగ్గం మొత్తం ఊగింది. నిలువు దారాల పడుగులో రెండు పోగులు టపుక్కున తెగాయి. నేత ఆగింది.

డప్పులు ఆగాయి.

భూదేవి కుడిచెయ్యి మెల్లగా ఛాతీ మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. కళ్ళు చిట్లించి కిందికి వంగింది.

"భూదేవీ!" సోమలింగం అరిచాడు. రాజనర్సు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఊరేగింపు చూడ్డానికొచ్చిన డాక్టర్ మౌక్తిక చెప్పులు అక్కడే వదిలేసి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, లారీ వెనక చెక్క మీద కాలేసి పైకెక్కేసింది.

"అమ్మా! నొప్పి ఎక్కడ? చేతిలోకి లాగుతోందా?"

భూదేవి ఆశ్చర్యంగా తలెత్తింది. రవికలో దోపుకున్న విడి పోగుల చుట్ట బయటికి తీసి చూపించింది.

"పోగు తెగింది బిడ్డా. అతుకుతున్న. జర పక్కకు జరుగు, ఎల్తురుకు అడ్డమున్నవు."

కింద ఎవరో ముందు నవ్వారు. తర్వాత గల్లీ అంతా నవ్వింది. డాక్టర్ మగ్గం పక్కనే చతికిలబడింది. భూదేవి తెగిన కొనలు రెండూ వేళ్ళ మధ్య మెలిపెట్టి, ముడేసి, పళ్ళతో కొరికి, మళ్ళీ నాడె అందుకుంది. డప్పు మళ్ళీ మోగింది. డాక్టర్ దిగలేదు. మిగిలిన దారంతా ఆమె భూదేవి కుడిపక్కనే కూర్చుని, గుడ్డ అంగుళం అంగుళం పెరగడం చిన్నపిల్లలా చూస్తూ వచ్చింది.

గుడి ముందు లారీ ఆగింది. సాంబయ్యను కుర్చీలో కూర్చోబెట్టి తెచ్చారు. ఆయన చేతే కత్తెర వేయించారు. రాజనర్సు ఆ గుడ్డను పళ్ళెంలో పెట్టుకుని రెండు చేతులా పైకెత్తాడు. జనం జయజయధ్వానాలు చేశారు. స్వామి భుజాల మీద, ఇంకా చేతుల వేడి ఆరని తెల్లటి గుడ్డ.

"ఇగ దిగు చెల్లె," అన్నాడు రాజనర్సు కింద నుంచి, చెయ్యి అందిస్తూ. "అయిపోయింది గద."

భూదేవి మగ్గం దూలం మీద చెయ్యి వేసి నిమిరింది. చుట్టూ చూసింది. సమ్మక్క, జమున, ఈల వేస్తున్న రుచిత, ముక్కు చీదుకుంటున్న మొగుడు. ఆమె దిగలేదు.

"యాడ అయిపోయిందన్నా? పడుగు ఇంకా గజం మిగిలున్నది," అంది. "బండి ఇంకో చుట్టు తిప్పు."